రేకుగదిలో ఆరు వందల పన్నెండు

ఆఫీసులో అందరూ ఆమెను మీటరక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. వైర్‌లెస్ పెట్టెలు తయారుచేసే ఆ కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా ఆవిడది ఒకటే పని. ఒక పెట్టె గాలిలోంచి సెకనుకు ఎంత సమాచారాన్ని నిజంగా దాటించగలదో కొలవడం, కాగితం మీద రాయడం, కింద సంతకం పెట్టడం.

"పెట్టె మీద అచ్చేసే అంకె ఉంది చూశారూ, అది ఫొటో కోసం పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డ మనిషి నడుం కొలత లాంటిది. ఊపిరి వదిలాక ఎంతో చూడాలి. ఆ ఊపిరి వదిలించడమే నా పని" అనేది కొత్తగా చేరినవాళ్లతో.

పన్నెండు వందలని రాసిన పెట్టెలోంచి నికరంగా అందేది అయిదారు వందలే. మిగతా సగం ఎక్కడికి పోయిందని ఎవరైనా అడిగితే విసుక్కోకుండా చెప్పేది. ఇద్దరు మనుషులు ఫోన్లో మాట్లాడుకుంటే సగం సేపు "ఆఁ, వింటున్నా", "ఏంటీ, మళ్లీ చెప్పు", "ముందు నువ్వు చెప్పు" అనుకోవడానికే సరిపోతుంది కదా, పెట్టెలూ అంతేనట. పక్కన ఇంకో పది జంటలు ఫోన్లు పట్టుకుని అరుస్తుంటే ఇక చెప్పేదేముంది!

ఈ కొలతలన్నీ జరిగేది రేకుగదిలో. మూడో అంతస్తులో లిఫ్టు పక్కన పదడుగుల గది. గోడలు, కప్పు, నేల అంతా ఉక్కు రేకు. లోపలి వైపు జానెడు పొడుగున నల్లటి స్పాంజి మొనలు, ఏదో పెద్ద జంతువు నోట్లోకి వచ్చామా అనిపించేలా. బయటి సిగ్నల్ ఒక్కటీ లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. తలుపు రెండు చేతులా లాగితేగానీ కదలదు. మూసి పిడి కిందికి దించితే దాని అంచున ఉన్న రాగి పళ్లన్నీ చట్రంలో కూర్చుంటాయి. లోపల మాట్లాడితే మాట పెదవుల దగ్గరే రాలిపోతుంది. కొత్తవాళ్లు రెండు నిమిషాలకే చెవులు రుద్దుకుంటూ బయటపడేవారు. మీటరక్కకు మాత్రం మొదట్లో ఆ గదంటే ఇష్టం. ఇంట్లో టీవీ మోత, అత్తగారి దగ్గు, తోడికోడలి పిల్లల గోల. ఇక్కడ అవేవీ లేవు. పెట్టెలు రెండూ ఏ అడ్డూ లేకుండా మాట్లాడుకుంటాయి, అంకె తెర మీద నిలకడగా నిలబడుతుంది.

ఆ ఇష్టం అవసరంగా మారింది మరిది ఆ ఆఫీసుకు వచ్చాక.

అతన్ని తీసుకొచ్చింది ఆవిడే. చదువుకుని, మాటకారితనం ఉండి, ఎక్కడా కుదురుకోలేక ఇంట్లో కూర్చున్నప్పుడు అత్తగారు రోజూ పొద్దున్నే మొదలుపెట్టేది. "మీ ఆఫీసులో చిన్నోడికి ఏమైనా చూడవే" అని. మీటరక్క దరఖాస్తు చేత్తో పట్టుకుని అప్పటి పెద్ద మేనేజరు గదికి వెళ్లింది. "మా మరిది. పని చేస్తాడు. పూచీ నాది" అంది. నిజంగానే చేశాడు. అమ్మకాల్లో చేరి, నాలుగేళ్లు తిరిగేసరికి పెద్ద మేనేజరు కుర్చీలోనే కూర్చున్నాడు. ఆవిడ పైన అధికారి అయ్యాడు.

ఇంట్లో ఒకే మెట్ల మీద ఎదురెదురు వాటాలు. మధ్యలో ఒకటే బాల్కనీ, ఒకటే బట్టల తీగ. పొద్దున ఒకే కారు, నలభై నిమిషాల ప్రయాణం. ఆఫీసు గేటు దాకా "వదినా" అనేవాడు. గేటు దాటగానే "మేడమ్" అయ్యేది. ఆవిడకూ గేటు దాకా "చిన్నా", దాటాక "సార్". మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవారు కూడా. తర్వాత అది అలవాటైంది. ఆ తర్వాత ఆవిడకు ఒకటి తట్టింది. పొద్దున కళ్లు తెరిచింది మొదలు మళ్లీ మూసేదాకా, ఈ మనిషి లేని గది తనకు రేకుగది ఒక్కటే.

ఆ ఏడాది కంపెనీ ఒక జంట పెట్టెల్ని తయారుచేసింది. ఒకటి ఈ మేడ మీద, ఇంకొకటి ఆ మేడ మీద బిగిస్తే మధ్యలో తీగ లేకుండానే నెట్‌వర్క్ దాటుతుంది. రేకుగదిలో పెట్టి చూస్తే సెకనుకు ఆరు వందల పన్నెండు మెగాబిట్లు వచ్చింది. నికరంగా అంత రావడం ఆ కంపెనీలో అదే మొదటిసారి.

"గదిలో పెట్టి వదిలేస్తే ఎలా?" అంది మీటరక్క. "ఇది ఎండలో వానలో మేడ మీద ఉండాల్సిన సరుకు. బయట చూడాలి."

బయట చూసింది. సాయానికి నిచ్చెన వచ్చాడు. మనిషి అంత పొడుగని ఆ పేరు, స్తంభాలెక్కే పని కాబట్టి కూడా. ఆఫీసు మేడ మీద ఒక పెట్టె, రెండు కిలోమీటర్ల అవతల గోదాము మీద రెండోది బిగించి, మూడు రోజులు గొడుగు కింద కూర్చుని కొలిచారు. పొద్దున మూడు వందల పది. మధ్యాహ్నం నూట ఇరవై. గాలికి మధ్యలోని చెట్టు కొమ్మ ఊగినప్పుడల్లా ఎనభై. సాయంత్రం దారి పొడవునా దుకాణాలు తెరిచి, ఎవరి వైర్‌లెస్ వాళ్లు పెట్టుకున్నాక నలభై అయిదు. వాన పడ్డ రోజు అడగనే అక్కర్లేదు.

"అక్కా, ఇది పొద్దున పూట బాగా పనిచేసే మనిషి లాగుంది. మా బావమరిదీ ఇంతే" అన్నాడు నిచ్చెన.

రెండు అంకెలూ పట్టుకుని మరిది గదికి వెళ్లింది. అతను బయటి కాగితాన్ని చదవకుండానే పక్కన పెట్టాడు.

"గాలి మన చేతుల్లో ఉందా మేడమ్? చెట్టు? వాళ్ల దుకాణాలు? మన చేతుల్లో ఉన్నది రేకుగది. మన చేతుల్లో ఉన్నదాని లెక్క ఇవ్వండి చాలు."

"కొనేవాడు రేకుగదిలో ఉండడు కదా సార్."

"ఆరు వందల పన్నెండు అబద్ధమా?"

"కాదు."

"మీరే కొలిచారా?"

"నేనే."

"మరి?"

అబద్ధం కాని దాని మీద సంతకం పెట్టనని ఎలా అంటుంది? 'పరీక్ష జరిపిన పరిస్థితులు' అన్న గడిలో 'మూసిన లోహపు గది, బయటి సిగ్నళ్లు లేవు' అని గుండ్రంగా, స్పష్టంగా రాసి సంతకం చేసింది. ఆ గడి తనను కాపాడుతుందనుకుంది. మూడు వారాల తర్వాత కరపత్రం అచ్చయి వచ్చింది. నిలువెత్తు ఆరు వందల పన్నెండు. దాని కింద ఆవిడ సంతకం. మధ్యలో గడి లేదు.

కారులో అడిగింది. "చిన్నా, ఆ గడి ఏమైంది?"

"ఏ గడి వదినా?" అన్నాడు. తర్వాత, "ఓ, అదా. చోటు చాల్లేదట" అన్నాడు. రేడియో పెట్టాడు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆ జంట పెట్టెల్ని కొన్నవాళ్లలో ఒక ఆసుపత్రి ఉంది. పెద్ద రోడ్డుకు ఇటు పాత భవనం, అటు కొత్త భవనం. స్కాన్ తీసే యంత్రాలు పాతదాంట్లో ఉంటే, అవి చూసి చెప్పే డాక్టర్లు కొత్తదాంట్లో ఉన్నారు. బొమ్మలు గాలిలో దాటాలి. దాటడం లేదని ఉత్తరం వచ్చింది. "మీ సంతకం చేసిన ఆవిణ్ణి కూడా తీసుకురండి" అని అందులో ప్రత్యేకంగా రాశారు.

సూపరింటెండెంట్ గదిలోకి పిలిచేదాకా ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. అక్కడికి ఒక ఆయమ్మ రొప్పుతూ వచ్చి పక్క కుర్చీలో కూలబడింది. యాభై దాటిన మనిషి. ఎడం చేతి మణికట్టుకు కట్టు, కుడి భుజానికి గుడ్డ సంచీ. సంచీలో డిస్కులు గలగలలాడుతున్నాయి.

"ఏమైందమ్మా చేతికి?" అని అడిగింది మీటరక్క.

"రోడ్డు దాటుతుంటే స్కూటరు తగిలిందమ్మా. పోయిన నెల." సంచీ తట్టి చూపించింది. "ఈ బొమ్మలు అటు చేర్చాలి. రోజుకు ముప్పై, నలభై సార్లు. మేడ మీద ఏదో డబ్బా పెట్టారులే. అది వచ్చాక నడక ఉండదే నీకు అన్నారు. పాత తీగ పీకేశారు, డబ్బా పనిచెయ్యదు. నాకు నడకే పనైంది."

"మరి సెలవు పెట్టలేదా?"

"విరిగింది చెయ్యి, కాళ్లు బాగానే ఉన్నాయిగా అన్నారు" అని నవ్వింది ఆయమ్మ. ఎవరో కేకేస్తే సంచీ సర్దుకుని లేచి వెళ్లిపోయింది.

మరిది ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అతనూ విన్నాడు.

లోపల సూపరింటెండెంట్ కరపత్రాన్ని బల్ల మీద మీటరక్క వైపు తిప్పింది. సూపరింటెండెంట్ కూడా యాభై దాటినావిడే, డాక్టరు, మాటలు పొదుపుగా వాడే మనిషి.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండీ."

"ఆరు వందలు వస్తుందని రాశారు. నాకు నూట యాభై చాలు. అదీ రావట్లేదు. మీ కొలత తప్పా, మా భవనం తప్పా?"

మరిది అందుకున్నాడు. "కొలత తప్పే ప్రసక్తి లేదండీ. పద్దెనిమిదేళ్ల అనుభవం మా మేడమ్‌ది. మీరు బిగించిన తీరులో లోపం ఉండొచ్చు, చెట్లు ఉండొచ్చు..."

"నేను ఆవిణ్ణి అడిగాను" అంది సూపరింటెండెంట్.

ఒక పక్క మరిది మోకాలు బల్ల కింద ఊగుతోంది. "ఒకరోజు ఇక్కడే ఉండి కొలిచి చెప్తానండీ" అంది మీటరక్క.

"కొలవండి. మీరు కొలిచింది, మీ సంతకం పెట్టి, నాకివ్వండి."

మర్నాడు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆసుపత్రి మేడ మీదే కూర్చుంది. సరాసరి డెబ్బై నాలుగు. ఓపీ రద్దీగా ఉన్నప్పుడు, వచ్చిన ప్రతి మనిషి జేబులో ఒక ఫోను ఉన్నప్పుడు, ఇరవై రెండు. కింద రోడ్డు మీద గుడ్డ సంచీ దాటుతూ కనిపించేది. లెక్కపెట్టకూడదనుకుంది కానీ, అలవాటైన ప్రాణం. మధ్యాహ్నానికి పందొమ్మిది సార్లు.

తిరుగు ప్రయాణంలో ఎర్రలైటు దగ్గర కారు ఆగినప్పుడు, తనను తీసుకెళ్లడానికి వచ్చిన మరిది అన్నాడు.

"వదినా, ఆ పెట్టెల్ని విప్పించి ఆఫీసుకు తెప్పిస్తున్నా. రేకుగదిలో పెట్టి చూడండి. మళ్లీ ఆరు వందలు వస్తే పెట్టెలో లోపం లేనట్టేగా. అదే రాసిద్దాం."

"వస్తుంది చిన్నా. అక్కడ ఎప్పుడు పెట్టినా వస్తుంది."

"అదే అంటున్నా."

"ఆ ఆయమ్మ..."

"నేనూ చూశాను" అన్నాడు గట్టిగా. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ ఒక్క ఆసుపత్రికి ఒప్పుకుంటే కొన్న ప్రతివాడూ వెనక్కి తెస్తాడు. నా కుర్చీ పోతుంది. అమ్మకు ఏమని చెప్తారు మీరు?"

కారు కదిలింది. తలుపు తెరిచి దిగి నడిచిపోవాలని ఆవిడకు బలంగా అనిపించింది. దిగి ఎక్కడికి వెళ్తుంది? ఇంటికే. అతనూ అక్కడికే వస్తాడు.

రాత్రి భోజనాల దగ్గర భర్తకు చెప్పింది. ఆయన బళ్లో డ్రాయింగ్ మాస్టారు. ఎవరితోనూ తగువు పెట్టుకోడు, ఎవరి తరఫునా పెట్టుకోడు. "నీకేది తోస్తే అది చెయ్యి" అన్నాడు. మజ్జిగ పోసుకుంటూ, "చిన్నోడు ఇబ్బందిపడకుండా చూడు" అన్నాడు. ఆ రెండూ ఒకేసారి ఎలా చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

పెట్టెలు వచ్చాయి. ఆ రోజు పదకొండు గంటలకు ఆవిడ వాటిని రేకుగదిలో బిగించింది. పెట్టెను కొంచెం కొంచెం తిప్పుతూ కొలవాలి. తిప్పే మోటారు చెడిపోయి రెండు నెలలైంది కాబట్టి లోపల ఉండి చేత్తోనే తిప్పాలి, తలుపు మూసి ఉండాలి. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట కాపలా ఉండాలన్నది నియమం. నిచ్చెన ఉన్నాడు. ఇంతలో పై అంతస్తులో అందరికీ మీటింగన్నారు.

"వెళ్లు నువ్వు. అరగంట పని, నేను వచ్చేస్తా" అంది.

అరగంటలో పని అయిపోయింది. ఆరు వందల పన్నెండు. ఒక్క అంకె కూడా అటూ ఇటూ కాలేదు. లేచి పిడి పైకెత్తింది. అది చేతిలో వదులుగా తిరిగింది. తలుపు కదల్లేదు.

పిడి వదులైందని మూడుసార్లు రాసిచ్చింది ఆవిడే. మరోసారి ఎత్తింది, దించింది, భుజంతో తోసింది. రాగి పళ్లు పట్టిన పట్టు వదల్లేదు. ఫోను తీసింది. సిగ్నల్ ఉండదని తెలుసు. అయినా తీసి చూసింది. "ఎవరైనా ఉన్నారా?" అని అరిచింది. ఆ కేకను స్పాంజి మింగేసింది. తన గొంతు తనకే పక్కింట్లో ఎవరో అరిచినట్టు వినిపించింది. చెప్పు తీసి తలుపు మీద కొట్టింది. చప్పుడు మెత్తగా, దిండు మీద కొట్టినట్టు వచ్చింది. బయట వినేవాళ్లు కూడా లేరు, అంతస్తంతా పైన మీటింగులో ఉంది.

గాలికి జాలీ ఉంది. లైటు వెలుగుతోంది. ప్రాణానికేం ప్రమాదం లేదని తనకు తానే చెప్పుకుంది. గుండె మాత్రం వినిపించుకోలేదు. నోరు ఎండిపోయింది. మంచినీళ్ల సీసా బయట బల్ల మీద ఉంది. కింద కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుని, ఒకటి, రెండు అని ఊపిరి లెక్కపెట్టుకుంది. రెండు వందలు దాటాక తలెత్తింది.

అప్పుడు ఒక పెట్టెకు తగిలించి ఉన్న ల్యాప్‌టాప్ వైపు చూసింది. రెండో పెట్టె నుంచి గోడలోంచి ఒక తీగ బయటి కొలత యంత్రానికి పోతుంది. ఆ యంత్రాన్ని ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలిస్తే ఒక్క సందేశంతో అందరూ పరుగెత్తుకొచ్చేవారు. తగిలించకూడదని నియమం పెట్టింది ఎవరు? తనే. వేరే ఏదీ కొలతలో కలవకూడదని పదేళ్ల కిందట గోడ మీద బోర్డు కూడా రాయించింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు కూడా అక్కడే రాలిపోయింది.

ఇక చేయగలిగింది ఒకటే. లోపలి నుంచి ఆ యంత్రం తెర మీద అక్షరాలు పెట్టొచ్చు. తెర నిండా పట్టేంత పెద్దవిగా రాసింది: 'తలుపు ఇరుక్కుంది. నేను లోపల ఉన్నాను.' అటుగా ఎవరైనా వచ్చి చూడాలి.

పన్నెండైంది. ఒంటిగంటైంది. ఎవరూ రాలేదు. పద్దెనిమిదేళ్లుగా తను ప్రశాంతంగా ఉన్నాననుకున్న చోటు ఇది. ఎవరూ లేని చోట, ఏ అడ్డూ లేని చోట, ఎవరికైనా ఎంతైనా వస్తుంది. ఇక్కడ తీసిన అంకెను బయట తిరిగే మనుషులకు అంటగట్టానే అనుకుంది. కట్టు కట్టిన మణికట్టు కళ్లముందు నుంచి పోలేదు.

ఊరికే కూర్చోలేక, ల్యాప్‌టాప్‌లో సూపరింటెండెంటుకు ఇవ్వాల్సిన నివేదిక తెరిచింది. ధైర్యం వచ్చి తెరవలేదు, చేతులు ఊరుకోక తెరిచింది. రేకుగదిలో ఆరు వందల పన్నెండు. మీ మేడ మీద సరాసరి డెబ్బై నాలుగు, కనిష్ఠం ఇరవై రెండు. గంట గంటకూ ఎంతో ఒక పట్టిక. కింద ఒక వాక్యం: 'మొదటి అంకె మీకు పనికిరాదు. రోడ్డు కింద తీగ వేసుకోవడమే మేలు.' చదివింది. ఒక్క మాట కూడా మార్చబుద్ధి కాలేదు.

నాలుగు కావస్తుండగా తలుపు అవతల గీరిన చప్పుడు. నిచ్చెన ఇనప కడ్డీతో పెకలిస్తున్నాడు. తలుపు జానెడు తెరుచుకోగానే వెలుతురు కన్నా ముందు మోత లోపలికి వచ్చిపడింది. ఫ్యాన్లు, లిఫ్టు, మనుషుల అడుగులు.

"అక్కా! అక్కా, బాగున్నావా? ఒట్టు, భోజనాలు కూడా పైనే పెట్టారు, మీటింగు ఇప్పుడే అయింది. తెర చూసి నాకు గుండె ఆగిపోయింది!"

అతని వెనకే మరిది మెట్ల మీంచి పరుగెత్తుకొచ్చాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. గేటు లోపలే ఉన్నారన్నది కూడా మర్చిపోయి "వదినా!" అని ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. నీళ్లు తాగించాడు. పిడి బాగుచేయించని మనిషిని అందరి ముందూ తిట్టాడు. అప్పటికప్పుడు ఇంటికి తీసుకెళ్తానని కారు తీశాడు.

దారిలో రెండుసార్లు ఆపి "తల తిరుగుతోందా? డాక్టర్ దగ్గరికి పోదామా?" అని అడిగాడు. కొట్లాడే మరిదైతే ఆవిడకు సులువుగా ఉండేది. ఇతను నిజంగా భయపడ్డ మరిది. తను ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు పదమూడేళ్లవాడు, సైకిలు మీద నుంచి పడి మోకాలు చూపించుకోవడానికి తల్లి దగ్గరికి కాక తన దగ్గరికి వచ్చినవాడు.

"నివేదిక రాశాను చిన్నా" అంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసి చెప్పింది. "రెండు అంకెలూ రాశాను."

"నాకివ్వండి. నేను పంపిస్తాను" అన్నాడు.

ఇచ్చింది.

పది రోజులైనా ఆసుపత్రి నుంచి ఉలుకూ పలుకూ లేదు. పదకొండో రోజు నిచ్చెన చెవిలో వేశాడు. "అక్కా, ఆ పెట్టెల్ని మళ్లీ ఆసుపత్రి మీద బిగించి రమ్మన్నారు నన్ను. నీ కాగితం వెళ్లిందట, పెట్టెలో లోపం లేదని."

"నా కాగితమా?"

"పాతది. ఆరు వందలది. కొత్త తేదీ వేసి పంపారు."

తల కొట్టేసినట్టయింది ఆవిడకు. మరిది గదికి వెళ్లలేదు. వెళ్తే అతను మళ్లీ "వదినా" అంటాడు. మర్నాడు పొద్దున ఒంట్లో బాగాలేదని చెప్పి, కారు వెళ్లిపోయాక బస్సెక్కింది. ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఎవరూ తనను ఏ పేరుతోనూ పిలవని ముప్పావు గంట దొరికింది. ఆసుపత్రిలో నివేదికను ఇంకోసారి ముద్రించి, సూపరింటెండెంట్ కళ్ల ముందే సంతకం చేసింది.

సూపరింటెండెంట్ ఆ పట్టిక అంతా చదివింది. "ఇది ముందే తెలుసా మీకు?"

"తెలుసండీ. మీరు కొనకముందే."

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

"అప్పుడు నన్నెవరూ మీరు అడిగినట్టు అడగలేదు. అడగకపోయినా చెప్పాల్సింది."

సూపరింటెండెంట్ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టుకుంది. మెచ్చుకోలేదు, తిట్టలేదు. "టీ తాగుతారా?" అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత జరిగినవన్నీ చకచకా జరిగాయి. ఆసుపత్రి పెట్టెల్ని తిప్పి పంపింది. నెలన్నరలో రోడ్డు కింద తీగ పడిందని, పెట్టెలు విప్పుకొచ్చిన నిచ్చెన చెప్పాడు. మరిది కుర్చీ పోలేదు. గట్టిగా ఒక హెచ్చరిక లేఖ వచ్చిందంతే. అనుమతి లేకుండా బయటివాళ్లకు నివేదిక ఇచ్చినందుకు మీటరక్క సంతకం చేసే అధికారం తీసేశారు. కింది అంతస్తులో, కిటికీలు లేని ఫిర్యాదుల గదిలో, ఫోను ముందు కూర్చోబెట్టారు.

అత్తగారు నెల రోజులు ముఖం చూడలేదు. "కన్నకొడుకులా పెంచుకున్నానంది. రోడ్డు మీదికి లాగింది" అని తోడికోడలితో అనడం గోడ అవతలి నుంచి వినపడింది. తోడికోడలు బట్టల తీగ మీద తన వైపు, ఆవిడ వైపు అని మధ్యలో ఒక క్లిప్పు పెట్టింది. భర్త కొత్త రంగుల పెట్టె కొనుక్కుని, బాల్కనీలో కాక లోపలి గదిలో బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు.

ఉద్యోగం మానేద్దామని ఆలోచించకపోలేదు. నలభై ఏడేళ్లు. తెలిసిన విద్య ఒకటే. దానికి కావాల్సిన రేకుగది ఆ ఊళ్లో ఇంకొక్కటే ఉంది, అదీ ఈ యజమానిదే. వాటా అమ్ముకుని పోదామంటే ఇల్లు ఇద్దరన్నదమ్ముల పేరనా ఉంది. కాబట్టి పొద్దున్నే అదే కారు. విడిగా వెళ్తే అత్తగారు ఎందుకని అడుగుతుంది, వీధి అడుగుతుంది. నలభై నిమిషాలు. అతను రేడియో పెడతాడు. ఆవిడ కిటికీలోంచి చూస్తుంది. చేసినందుకు ఒక్కరోజు కూడా చింతించలేదు. చేసి బయటపడ్డానని కూడా ఎన్నడూ అనుకోలేదు.

ఫిర్యాదుల గదిలో రోజుకు అరవై ఫోన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న, పెట్టె మీద ఇంత రాసుంది, నాకు అంత రావట్లేదేం అని. చెప్పాల్సిన జవాబు అచ్చేసి బల్ల మీద అంటించారు: ఒకసారి ఆపి, మళ్లీ వేసి చూడండి.

మొన్న ఒక టైలరు ఫోను చేశాడు. "అమ్మా, ఆపి వేసి, ఆపి వేసి నా వేలు అరిగిపోయింది. మా ఆవిడేమో గోడలు మందం, ఇల్లు కట్టినవాణ్ణి అనాలి అంటుంది. వెయ్యి రాసి, తొంభై వస్తోంది. మా ఇంట్లోనే ఏదో లోపముందా?"

మీటరక్క గది తలుపు వైపు చూసింది. పక్క బల్ల మీది అమ్మాయి చెవులకు ఫోను తగిలించుకుని ఇంకెవరికో ఆపి, వేయమని చెబుతోంది.

"పెట్టె ఎక్కడ పెట్టారండీ?" అని అడిగింది గొంతు తగ్గించి.

"అలమారాలో."

"బయటికి తీసి ఎత్తులో పెట్టండి. నూట యాభై దాకా వస్తుంది. అంతకుమించి ఎవరింట్లోనూ రాదు."

అవతల కుట్టు మిషను తిరిగి ఆగింది.

"ఎవరింట్లోనూనా?"

"ఎవరింట్లోనూ."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగదమ్మా" అన్నాడు టైలరు, కోపంగా కూడా కాదు, ఫోను పెట్టేశాడు. ఆవిడ రిసీవరు కిందపెట్టే లోపలే ఇంకో ఫోను మోగింది.